వాతావరణ మార్పును మీ ఓటులో మొదటి ప్రశ్నగా పెట్టుకోవడం ఎలా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "ఎండలు చూస్తుంటే భయమేస్తోంది, పిల్లల సంగతి తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది, ఈసారి ఓటు దీనికోసమే వేయాలనుంది, కానీ ఎలా వేయాలి? పర్యావరణాన్ని కాపాడతామని అందరూ అంటున్నారు కదా, ఎవరిని నమ్మాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాస్తూ వచ్చాను. ఇప్పుడు అదంతా ఒకేచోట వరసగా పెడుతున్నాను.

మొదలుపెట్టేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. మీరు మీట నొక్కినా, కాగితం మీద ముద్ర వేసినా, ఆ ఓటు ఎందుకు వేశారో దానిమీద ఎక్కడా రాసి ఉండదు. గెలిచినవాళ్లు అది రోడ్డు వేసినందుకు పడిందనుకోవచ్చు, ఎదుటివాళ్ల మీద కోపంతో పడిందనుకోవచ్చు, అసలేమీ అనుకోకపోవచ్చు. వాతావరణం కోసం వేశానని మీరు నోరు తెరిచి చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. పోలింగ్‌కు ముందూ చెప్పాలి, తర్వాతా చెప్పాలి. కింద రాసిన పనులన్నీ దాని చుట్టూనే ఉంటాయి. ఎవరికి వేయాలో మాత్రం నేను చెప్పను, అది మీ ఇష్టం, మీ హక్కు.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం, లేదా ఫోన్‌లో ఒక పేజీ.
- మీ నియోజకవర్గంలో పోటీ చేస్తున్న అభ్యర్థుల జాబితా.
- ప్రధాన పార్టీల ఈసారి మేనిఫెస్టోలు, దొరికితే పోయినసారివి కూడా. పాతవే ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకో తర్వాత చెబుతాను.
- మీతో కలిసి వచ్చే ఇద్దరు ముగ్గురు మనుషులు. ఒంటరిగానూ చేయొచ్చు, కానీ ముగ్గురు అడిగిన ప్రశ్నను దాటేయడం కష్టం.
- ఏడెనిమిది వారాల సమయం. అంత లేకపోతే చివర్లో వారం రోజుల పద్ధతి ఉంది, అది చూడండి.

తెలిసి ఉండాల్సిన శాస్త్రం

ఎక్కువేం అక్కర్లేదు, ఈ కాస్త చాలు. హవాయిలోని మౌనా లోవా మీద 1958లో గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు అది పది లక్షల పాళ్లలో దాదాపు 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. పారిశ్రామిక విప్లవానికి ముందు 280 దగ్గర ఉండేది. పెరిగినదాంట్లో అత్యధిక భాగం బొగ్గు, చమురు, గ్యాస్ తగలబెట్టడం వల్ల వచ్చినదే. ఈ వాయువు వేడిని పట్టి ఉంచుతుంది, అందుకే భూమి వేడెక్కుతోంది. 2024 ఇప్పటివరకు నమోదైన అత్యంత వేడి సంవత్సరం, 1850-1900 సగటు కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. 2015 పారిస్ ఒప్పందంలో దేశాలు దాటకుండా ఉండేందుకు ప్రయత్నిస్తామన్న గీత 1.5 డిగ్రీలు. ఒక్క ఏడాది దాటినంత మాత్రాన ఒప్పందం విఫలమైనట్టు కాదు, దాన్ని చాలా ఏళ్ల సగటు మీద చూస్తారు. కానీ ఆ గీతకు ఎంత దగ్గరకొచ్చామో తెలుస్తోంది కదా. గీత లోపల ఉండాలంటే 2030 నాటికి ప్రపంచ ఉద్గారాలు, అంటే వేడిని పెంచే వాయువుల విడుదల, 2019 నాటి కంటే దాదాపు 43 శాతం తగ్గాలని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ చెప్పింది. అంటే ఇప్పుడు గెలిచేవాళ్ల పదవీకాలంలోనే తేలిపోయే వ్యవహారం ఇది. అందుకే ఓటు అంటున్నాను.

ఇక పనిలోకి దిగుదాం.

1. జాబితాలో మీ పేరు చూసుకోండి

చిన్న పనే, కానీ అన్నింటికంటే ముందు చేయండి. ఇల్లు మారినవాళ్లు, కొత్తగా వయసు వచ్చినవాళ్లు, ఇంటిపేరు మారినవాళ్లు తప్పకుండా చూసుకోవాలి. పేరు చేర్చడానికి గడువు చాలాచోట్ల పోలింగ్ కంటే ముందే అయిపోతుంది. మీ ఇంట్లో, మీ వీధిలో వాతావరణం గురించి ఎక్కువ మాట్లాడే కుర్రవాళ్ల పేర్లు ఉన్నాయో లేదో అడగండి. వాళ్ల పేర్లే ఎక్కువగా ఉండవు.

2. ఆ పదవి చేతిలో ఏముందో రాసుకోండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. వార్డు సభ్యుణ్ని పట్టుకుని దేశం బొగ్గు ఎప్పుడు ఆపుతుందని అడుగుతారు. ఆయన "అది నా చేతుల్లో లేదు" అంటారు, అది నిజమే, మాట అక్కడితో ఆగిపోతుంది.

స్థానిక సంస్థ ఎన్నికైతే చెత్త, మురుగు కాలువలు, చెరువులు, చెట్లు, నడిచే దారులు, భవనాల అనుమతులు, చాలాచోట్ల బస్సులు కూడా వాళ్ల కిందకే వస్తాయి. ఇవి చిన్న విషయాలు కావు. తడి చెత్తను గుట్టపోసి కుళ్లనిస్తే మీథేన్ వస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే టన్నుకు టన్ను మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. పైగా గాలిలో అది సగటున పన్నెండేళ్ల దాకానే ఉంటుంది కాబట్టి, ఈరోజు ఆపితే ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది. చెత్త వేరు చేసే పని సరిగ్గా చేయించే ఒక మేయర్ వాతావరణానికి చేసే మేలు అంత ఉంటుంది.

రాష్ట్ర స్థాయి ఎన్నికైతే కరెంటు ఎక్కడినుంచి కొంటున్నారు, ఏ ధరకు ఎన్నేళ్ల ఒప్పందాలు చేసుకుంటున్నారు, భూములు దేనికిస్తున్నారు, రవాణాకు ఎంత పెడుతున్నారు అన్నవి చూడాలి. దేశస్థాయిలోనైతే ఉద్గారాల లక్ష్యం, పన్నులు, సబ్సిడీలు, అంతర్జాతీయ ఒప్పందాలు. పారిస్ ఒప్పందం ప్రకారం ప్రతి దేశమూ అయిదేళ్లకోసారి తన కొత్త లక్ష్యాన్ని సమర్పించాలి. మీరు ఎన్నుకునే ప్రభుత్వ కాలంలో అది ఎప్పుడు వస్తుందో చూసి పెట్టుకోండి. అధికారాల పంపకం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ దగ్గర ఎలా ఉందో ఒకసారి సరిచూసుకోండి.

3. మీకు కళ్లారా తెలిసిన ఒక నష్టాన్ని పట్టుకోండి

ధ్రువపు ఎలుగుబంటి గురించి మాట్లాడితే అభ్యర్థి సానుభూతితో తల ఊపుతారు. మీ వీధిలో వడదెబ్బ తగిలిన మనిషి గురించి, మునిగిన కింది అంతస్తు గురించి, ఎండిపోయిన బావి గురించి మాట్లాడితే కుర్చీలో ముందుకు జరుగుతారు. ఏ ఏడాది, ఏ నెల, ఎంతమందికి, ఎన్ని రోజులు, ఎంత నష్టం అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. ఫొటో ఉంటే దాచండి.

ఒక హెచ్చరిక. కురిసిన ప్రతి వానా, కాసిన ప్రతి ఎండా వాతావరణ మార్పు వల్లే అనకండి. తెలిసినవాళ్లెవరైనా అడ్డు తగిలితే మీ మాట మొత్తం చెల్లకుండా పోతుంది. సరిగ్గా చెప్పాలంటే ఇలా చెప్పండి: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు, అందుకే కుండపోత వానలు మరింత పెద్దవవుతున్నాయి; సగటు వేడి పెరగడం వల్ల వడగాలులు మరింత తరచుగా వస్తున్నాయి. మురుగు కాలువ మూసుకుపోవడం కూడా వరదకు కారణమైతే అదీ చెప్పండి. దాన్ని దాచాల్సిన పని లేదు, అది కూడా వాళ్లు చేయాల్సిన పనే.

4. ఒకే ఒక్క ప్రశ్న తయారు చేసుకోండి

దీనిమీద మీరు ఎంత సమయం పెట్టినా వృథా కాదు. నేను మొదటిసారి ఒక ప్రచార సభలో లేచి అడిగినప్పుడు, "వాతావరణ మార్పును మీరు సీరియస్‌గా తీసుకుంటారా?" అని అడిగాను. "తప్పకుండా తీసుకుంటాం, ప్రకృతి మన తల్లి" అన్నారు, జనం చప్పట్లు కొట్టారు, నేను కూర్చున్నాను. ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిస్తే రాసుకోవడానికి ఒక్క ముక్క లేదు. తప్పు ఆయనది కాదు, అవునని చెప్పి తప్పుకునే ప్రశ్న నేనే అడిగాను.

మీ ప్రశ్నలో నాలుగు ముక్కలు ఉండాలి. ఎంత, ఎప్పటికి, డబ్బు ఎక్కడినుంచి, లెక్క ఎవరికి చెబుతారు.

పనికిరాని ప్రశ్న: "కాలుష్యం తగ్గిస్తారా?"

పనికొచ్చే ప్రశ్న: "మన ఊరి తడి చెత్తలో ఇప్పుడు ఎంత శాతం వేరు చేస్తున్నారు, రెండేళ్లలో ఎంతకు తెస్తారు, మొదటి బడ్జెట్‌లో దానికి ఎంత కేటాయిస్తారు, ఆరు నెలలకోసారి ఆ అంకె ప్రకటిస్తారా?"

ఇంకొకటి: "వడగాలుల రోజుల్లో బయట పనిచేసేవాళ్లకు నీడ, నీళ్లు, పనివేళల మార్పు తప్పనిసరి చేసే ఆదేశం వచ్చే వేసవిలోపు తెస్తారా? అమలు చేయనివాళ్ల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి?"

ఇంకొకటి: "కొత్తగా బొగ్గు కరెంటు కొనే దీర్ఘకాలిక ఒప్పందం ఒక్కటి కూడా చేసుకోమని రాసిస్తారా?"

నాలుగో ముక్కను, అంటే లెక్క ఎవరికి చెబుతారన్నదాన్ని, అస్సలు వదలకండి. బ్రిటన్‌లో 2008లో వాతావరణ మార్పు చట్టం తెచ్చినప్పుడు అయిదేళ్లకోసారి ఎంత ఉద్గారం అనుమతించాలో ముందే కట్టుదిట్టం చేసి, ప్రభుత్వం ఎలా నడుస్తోందో చూడటానికి విడిగా ఒక నిపుణుల కమిటీ పెట్టారు. ఆ కమిటీ ఏటా పార్లమెంటుకు నివేదిక ఇస్తుంది, ప్రభుత్వం దానికి జవాబు చెప్పాలి. అధికారంలోకి ఏ పార్టీ వచ్చినా ఆ జవాబు తప్పలేదు. మీ అభ్యర్థి అంత పెద్ద చట్టం తేలేకపోవచ్చు, కానీ "ఏటా ఒక తేదీన బహిరంగంగా లెక్క చెబుతాను" అనే మాట ఎవరైనా ఇవ్వగలరు. ఇవ్వనంటే అదీ రాసుకోండి.

ప్రశ్న సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి: దానికి "తప్పకుండా" అని ఒక్క మాటతో జవాబు చెప్పి తప్పించుకోగలరా? చెప్పగలిగితే మళ్లీ రాయండి.

5. మేనిఫెస్టోను అంకెల కోసం చదవండి

ఎన్నికల ముందు వచ్చే హామీలు ఎక్కువగా నాలుగైదు అచ్చుల్లోనే పోసి ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయిపోతుంది.

"2050కి నెట్ జీరో" (అంటే విడుదల చేసినంతా తిరిగి పీల్చేసి, నికరంగా సున్నా చేయడం) అనో, ఇంకా దూరపు ఏడాదితోనో ఉంటుంది. మంచిదే, కానీ అప్పటికి ఇప్పుడున్నవాళ్లలో ఎవరూ పదవిలో ఉండరు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో వందల ఏళ్లు ఉండిపోతుంది, ఏటా పోసింది పోసినట్టు పోగవుతుంది. కాబట్టి చివరి రోజున సున్నా అవడం ఎంత ముఖ్యమో, దారిలో ఎంత పోశారన్నదీ అంతే ముఖ్యం. ఈ పదవీకాలం ముగిసేలోపు ఎంత తగ్గిస్తారో అంకె ఉందా, లేదా అన్నదొక్కటే చూడండి.

"ఉద్గారాల తీవ్రత 45 శాతం తగ్గిస్తాం" అన్నది ఇంకో రకం. తీవ్రత అంటే సంపాదించే ప్రతి రూపాయికి ఎంత పొగ వస్తోంది అని. ఆర్థిక వ్యవస్థ రెండింతలై, తీవ్రత 45 శాతం తగ్గితే, మొత్తం పొగ 10 శాతం పెరుగుతుంది. కావాలంటే కాగితం మీద వేసి చూడండి, 100 కాస్తా 110 అవుతుంది. పేద దేశం ఎదిగే దారిలో ఇలాంటి లక్ష్యం పెట్టుకోవడంలో న్యాయం ఉంది, ఆ సంగతి నేను కాదనను, కానీ చదివేటప్పుడు అది మొత్తం తగ్గడం కాదని మీకు తెలిసి ఉండాలి.

"ఇన్ని మెగావాట్ల సౌర విద్యుత్తు" అన్నప్పుడు, అది గరిష్ఠంగా ఇవ్వగల సామర్థ్యం మాత్రమే. ఎండ లేనప్పుడు ప్యానెల్ పనిచేయదు కాబట్టి అన్ని మెగావాట్ల బొగ్గు కేంద్రం ఇచ్చినన్ని యూనిట్లు ఇవ్వదు. మొత్తం వాడే కరెంటులో ఎంత శాతం సౌర, పవన విద్యుత్తు అవుతుంది, నిల్వకు ఏం పెడుతున్నారు, దాని బదులు ఏ పాత కేంద్రం ఎప్పుడు మూస్తారు అని అడగండి. ఖర్చు ఎక్కువ కదా అని ఎవరైనా అంటే, 2010 నుంచి 2019 మధ్య సౌర విద్యుత్తు ఖర్చు 85 శాతం, లిథియం బ్యాటరీల ఖర్చు 85 శాతం, పవన విద్యుత్తు ఖర్చు 55 శాతం తగ్గాయని ఐపీసీసీ నివేదికలోనే ఉంది, చూపించండి.

"కోటి మొక్కలు నాటుతాం." దీని దగ్గర చాలామంది కరిగిపోతారు, నేనూ కరిగిపోయేవాణ్ని. మొక్క నాటడం మంచి పనే. అడగాల్సింది ఏమిటంటే, పోయినసారి నాటినవాటిలో మూడేళ్ల తర్వాత ఎన్ని బతికి ఉన్నాయి, అదే కాలంలో ముదిరిన చెట్లు ఎన్ని కొట్టేయడానికి అనుమతి ఇచ్చారు? ముదిరిన అడవి దశాబ్దాలుగా దాచిన కార్బన్‌ను ఈరోజు నాటిన మొక్క మళ్లీ దాచడానికి దశాబ్దాలు పడుతుంది.

ఇక "కమిటీ వేస్తాం, అధ్యయనం చేస్తాం." నివేదిక ఎప్పుడు వస్తుంది, దాన్ని బయటపెడతారా అని అడిగి, తేదీ లేకపోతే దాని ఎదురుగా సున్నా వేసుకోండి.

6. పాత లెక్క తీయండి

ఇప్పుడు పదవిలో ఉన్నవాళ్లే మళ్లీ పోటీ చేస్తుంటే మీ పని తేలిక. పోయిన మేనిఫెస్టోలో వాతావరణం గురించి ఏం రాశారో ఒక వరసలో, ఏం జరిగిందో దాని పక్కన రాయండి. చట్టసభలో ఏ బిల్లుకు ఎటు ఓటేశారు, ఏ ప్రశ్నలు అడిగారు, బడ్జెట్‌లో కేటాయించినదాంట్లో ఎంత ఖర్చయింది అన్నవి సాధారణంగా అధికారిక రికార్డుల్లో దొరుకుతాయి. సమాచారం అడిగే చట్టం మీ దేశంలో ఉంటే వాడండి, కానీ జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ముందే దరఖాస్తు పెట్టండి.

కొత్త అభ్యర్థి అయితే వాళ్ల వృత్తి, ఆస్తుల ప్రకటన, ప్రచారానికి డబ్బు ఇస్తున్నవాళ్లు ఎవరు అన్నది చూడండి. గనులు, క్రషర్లు, చెరువు స్థలాల్లో లేఅవుట్లు వేసేవాళ్లు వెనక ఉంటే ఆ సంగతి మీ లెక్కలోకి రావాలి. అయితే రుజువు లేని ఆరోపణ ఎక్కడా రాయకండి, ఫార్వర్డ్ చేయకండి. ఒక అబద్ధం మీ చేతిమీదుగా వెళ్లిందంటే తర్వాత మీరు చెప్పే పది నిజాలూ ఎవరూ వినరు.

7. మేనిఫెస్టో అచ్చుకాకముందే అడగండి

అచ్చయ్యాక అందులో మాట చేర్చడం దాదాపు అసాధ్యం. కాబట్టి మీ ప్రశ్న తయారవగానే, పోలింగ్‌కు ఆరేడు వారాల ముందే అభ్యర్థి కార్యాలయానికి ఉత్తరం ఇవ్వండి. ఒక్క పేజీ దాటకూడదు. పైన మీ నష్టం గురించి మూడు వాక్యాలు, మధ్యలో మీ ప్రశ్న, కింద "ఈ జవాబును బట్టి మా ఇంట్లో ఇన్ని ఓట్లు నిర్ణయించుకుంటాం" అని, కింద సంతకాలు. ఒకే నమూనా కాగితం మీద వందమంది సంతకం చేసినదాని కంటే, పదిమంది సొంత మాటల్లో రాసిన పది ఉత్తరాలు బాగా పనిచేస్తాయి. నేను చూసినంతలో కార్యాలయంలో కూర్చున్నవాళ్లు మొదటిదాన్ని ఫైల్లో పెడతారు, రెండోదాన్ని అభ్యర్థికి చూపిస్తారు.

ఇంటికి ప్రచారానికి వచ్చినప్పుడు వాదన పెట్టుకోకండి. కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, జవాబును వాళ్ల ముందే రాసుకోండి. మీరు రాసుకుంటున్నారని చూడగానే మాట తీరు మారుతుంది, ఇది నేను ప్రతిసారీ గమనించాను. సభలో అడిగేటట్టయితే ముప్పై సెకన్లకు మించి మాట్లాడకండి. అభ్యర్థి రాకుండా కార్యకర్తలే వస్తే ఉత్తరం వాళ్ల చేతికిచ్చి ఎప్పటికి జవాబు వస్తుందో అడగండి.

హెచ్చరికలు: అందరు అభ్యర్థులకూ అదే ప్రశ్న ఇవ్వండి, మీకు నచ్చినవాళ్లను వదిలేయకండి. మాటలు రికార్డు చేసేటట్టయితే చెప్పి చేయండి. చాలా దేశాల్లో పోలింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు ప్రచారం ఆపేయాలన్న నియమం ఉంటుంది, పోలింగ్ కేంద్రం దగ్గర కరపత్రాలు పంచడం నేరం కూడా కావచ్చు. మీ ఎన్నికల సంఘం నియమాలు ముందే చదువుకోండి.

8. పక్కవాళ్లతో మాట్లాడండి

"నాకు తప్ప ఎవరికీ పట్టదు" అని మనలో ప్రతి ఒక్కరూ అనుకుంటున్నాం. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమ ప్రభుత్వం ఇంకా ఎక్కువ చేయాలన్నవాళ్లు 89 శాతం. తమ ఆదాయంలో ఒక శాతం ఇవ్వడానికి సిద్ధమన్నవాళ్లు 69 శాతం, కానీ ఎదుటివాళ్లలో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారని అడిగితే సగటున 43 శాతమే అన్నారు. మీ పక్కింటివాళ్లూ మీలాగే లోపల దిగులుపడుతూ, మీకు పట్టదనుకుంటూ ఉండొచ్చు.

మాట ఎలా మొదలుపెట్టాలి? ఉద్గారాలతో వద్దు. "ఈ వేసవిలో మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడగండి. విని, మీ సంగతి చెప్పి, ఆ తర్వాత "నేను వచ్చిన ప్రతివాళ్లనూ ఈ ఒక్క ప్రశ్న అడుగుతున్నాను, మీరూ అడుగుతారా?" అనండి. అంతే. వాళ్ల పార్టీ మార్చమని అడగొద్దు. మనిషి పార్టీని వదలడం కంటే తన పార్టీని ప్రశ్న అడగడం చాలా తేలిక, పైగా సొంత మద్దతుదారు అడిగితే పార్టీకి ఎక్కువ తగులుతుంది.

"ఉద్యోగాలు ముందు, ధరలు ముందు" అంటారు. కాదని వాదించకండి. వాన తప్పితే పంట పోయి ధర పెరుగుతుంది, వడగాలిలో కూలి రోజులు పోతాయి, వరదలో కొట్టు మునిగితే అప్పు మిగులుతుంది. వాళ్లు చెప్పే సమస్య లోపలే ఇది ఉంది, అది చూపించండి చాలు. "మన ఒక్క దేశం మానేస్తే ఏమవుతుంది" అన్నవాళ్లతో ముందస్తు హెచ్చరికల గురించి మాట్లాడండి. తుపానో వడగాలో వస్తుందని 24 గంటల ముందు తెలిస్తే నష్టం 30 శాతం దాకా తగ్గుతుందని గ్లోబల్ కమిషన్ ఆన్ అడాప్టేషన్ అనే అంతర్జాతీయ బృందం 2019లో చెప్పింది. ఆ లాభం పూర్తిగా ఇక్కడివాళ్లదే, మిగతా దేశాలు ఏం చేసినా చేయకపోయినా.

ఇలా కూర్చుని మాట్లాడుకోవడం వల్ల ఏమైనా జరుగుతుందా అని అడిగేవాళ్లకు ఆస్ట్రేలియా సంగతి చెబుతాను. ఇండీ అనే గ్రామీణ నియోజకవర్గంలో 2013 ఎన్నికలకు ముందు మామూలు మనుషులు ఒకరి వంటింట్లో ఒకరు కూర్చుని తమకేం కావాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చర్చ వాతావరణం ఒక్కదాని మీదే కాదు, తమ మాట ఎవరూ వినడం లేదన్నది వాళ్ల బాధ. 2013లో వాళ్లు నిలబెట్టిన స్వతంత్ర అభ్యర్థి క్యాథీ మెక్‌గోవన్ 439 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ పద్ధతినే పట్టుకుని 2022లో నగరాల్లో వాతావరణాన్ని ముందు పెట్టి పోటీ చేసిన స్వతంత్రులు, ఎప్పటినుంచో ఒకే పార్టీకి పోయే సీట్లు గెలిచారు, ఒకచోట అప్పటి ఆర్థికమంత్రే ఓడిపోయారు. ప్రభుత్వం కూడా మారింది. 2005తో పోలిస్తే 2030కి ఉద్గారాలు 26 నుంచి 28 శాతం తగ్గించాలని ఉన్న లక్ష్యం 43 శాతమైంది, అదే ఏడాది చట్టమైంది. అది సరిపోతుందా అంటే అక్కడివాళ్లే చాలదంటున్నారు. కానీ 439 అనే అంకెను నేను మరిచిపోలేను, ఒక పెద్ద వీధిలో ఉండేంత మంది.

9. నిర్ణయించుకోండి

నోటుపుస్తకంలో ఒక్కో అభ్యర్థికి నాలుగు మార్కులు: అంకె చెప్పారా, తన పదవీకాలంలోపు తేదీ చెప్పారా, డబ్బు చూపించారా, లెక్క చెబుతామన్నారా. పాత రికార్డుకు ఇంకో రెండు. మొత్తం ఆరు.

ఎవరికీ ఆరు రావు. రెండు, మూడు వస్తే ఎక్కువ. అప్పుడు చాలామంది "అందరూ ఒకటే" అని ఇంట్లో కూర్చుంటారు, నాకు అన్నింటికంటే బాధ కలిగించే పొరపాటు ఇదే. ఒకటికీ రెండుకీ మధ్య తేడా అయిదేళ్లలో ఎంతో అవుతుంది, ఆ ఒక్కటి ఒక చెరువు కావచ్చు, ఒక బొగ్గు ఒప్పందం కావచ్చు. ఇద్దరికీ సమానంగా వస్తే, మీరు తర్వాత వెళ్లి అడిగితే తలుపు తీసేది ఎవరో వాళ్లకు వేయండి. అందరికీ సున్నా వస్తే, ఎవరినీ ఎన్నుకోను అనే వీలు మీ దగ్గర ఉంటే అది మీ ఇష్టం, కానీ ఎందుకలా చేశారో పదో మెట్టులో చెప్పినట్టు రాసి పంపండి, లేకపోతే అది నిర్లక్ష్యం లెక్కలోకి పోతుంది.

వాతావరణం మొదటి ప్రశ్న అంటే ఒక్కటే ప్రశ్న అని కాదు. వాతావరణం మీద మార్కులు బాగా వచ్చి, మనుషుల మధ్య ద్వేషం పెంచేవాళ్లో, హింసకు దిగేవాళ్లో అయితే నేను వేయను. మీ గీతలు మీరు ముందే గీసుకోండి, ఆ గీతల లోపల ఉన్నవాళ్లలో వాతావరణాన్ని బట్టి ఎంచుకోండి.

10. ఓటు వేశాక కారణం రాసి పంపండి

దీన్ని దాదాపు ఎవరూ చేయరు, అందుకే చేసినవాళ్ల మాట వినిపిస్తుంది. ఫలితాలు వచ్చిన వారంలోపు రెండు ఉత్తరాలు రాయండి, ఒకటి గెలిచినవాళ్లకు, ఒకటి ఓడినవాళ్లకు. ఎవరికి వేశారో చెప్పాల్సిన పని లేదు, అది రహస్యం, దాన్ని ఎవరూ బలవంతంగా అడగకూడదు కూడా.

గెలిచినవారికి: "అభినందనలు. ఎన్నికల ముందు మేం మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగాం, మీరు ఈ తేదీన ఈ జవాబు చెప్పారు. మా ఓటు దీన్ని చూసే నిర్ణయించుకున్నాం. మొదటి బడ్జెట్ తర్వాత వచ్చి మిమ్మల్ని కలుస్తాం."

ఓడినవారికి: "ఈ ప్రశ్నకు మీ దగ్గర స్పష్టమైన జవాబు లేకపోవడం మా నిర్ణయాన్ని ప్రభావితం చేసింది. వచ్చేసారి ఉంటుందని ఆశిస్తున్నాం." ఓడిన పార్టీ ఎందుకు ఓడామా అని వెతుక్కునే రోజులవి, మీ ఉత్తరం చదువుతారు.

11. ఫలితం సరిచూసుకోండి

నూరు రోజులకు: చెప్పినదాని మీద ఒక ఆదేశమో, ఒక సమావేశమో, ఒక ప్రకటనో వచ్చిందా? మొదటి బడ్జెట్‌కు: డబ్బు కేటాయించారా? కేటాయింపును ప్రకటనతో కాదు, బడ్జెట్ పత్రంలోని వరసతో సరిచూడండి. ఏడాదికి: అంకె కదిలిందా? వేరు చేసిన చెత్త శాతం, కొత్త బస్సులు, పూడిక తీసిన కాలువలు, బతికిన మొక్కలు, మీరు అడిగింది ఏదైతే అది. వీలైతే కళ్లతో వెళ్లి చూడండి. రికార్డులో ఉన్న చెత్త కేంద్రం అక్కడ లేకపోతే ఫొటో తీసి తేదీతో రాసి పంపండి.

చేసి ఉంటే మెచ్చుకుంటూ రాయండి, నలుగురికీ చెప్పండి. తిట్టడానికి వందమంది ఉంటారు, మాట నిలబెట్టుకున్నందుకు థాంక్స్ చెప్పేవాళ్లు కనిపిస్తే రెండో పని కూడా చేస్తారు.

వారం రోజులే ఉంటే

మొదటి రోజు మీ నష్టం, మీ ప్రశ్న రాయండి. రెండు, మూడు రోజుల్లో మేనిఫెస్టోల్లో అంకెలు మాత్రమే వెతికి గీతలు పెట్టండి. నాలుగో రోజు ప్రధాన అభ్యర్థులందరికీ అదే ప్రశ్న మెసేజ్‌గానో, కార్యాలయంలోనో ఇవ్వండి. అయిదు, ఆరు రోజుల్లో అయిదుగురితో మాట్లాడండి. ఏడో రోజు ఓటు. జవాబు రాకపోయినా పరవాలేదు, రాలేదని రాసుకోండి. పదో మెట్టు మాత్రం వదలకండి, అది ఫలితాల తర్వాతి పని కాబట్టి సమయం ఉంటుంది, ఓటు వేసి ఇంటికొచ్చిన సాయంత్రమే రాసి కవరులో పెట్టేయొచ్చు.